నీలం గేజ్‌ని మాట్లాడుతున్నాను

నూజివీడులో ఓ ఏసీ మెకానిక్ సంచిలో ఉంటాను. కంప్రెసర్ నుంచి వేడిగా బయల్దేరే గ్యాస్ సంగతి నా జత ఎర్ర గేజ్ చూసుకుంటుంది. చల్లగా తిరిగొచ్చే వైపు నాది. నా ముఖం మీద బయటి అంకెలు ప్రెషర్‌వి, లోపలి వలయాల్లోవి డిగ్రీలు. ముల్లు మాత్రం ఒకటే. ద్రవం, ఆవిరి కలిసి ఉన్నంతసేపూ ఒక ప్రెషర్‌కి ఒకటే ఉష్ణోగ్రత. చదువుకున్నవాళ్లు దాన్ని సంతృప్త ఉష్ణోగ్రత అంటారు. కుక్కర్లో ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీలు దాటాకే మరుగుతాయి కదా, గ్యాస్‌దీ అదే దారి. ఏసీల్లో వాడే ఆర్-22 అనే గ్యాస్‌ను బయటి గాలికి వదిలితే సున్నాకు 41 డిగ్రీల కిందే మరిగిపోతుంది. అదే కాయిల్‌లో 84 పీఎస్ఐ దగ్గర ఉంచితే 10 డిగ్రీలకు మరుగుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది.

మామిడి కాపు దిగిందంటే నాకు తీరికుండదు. బంగినపల్లి, రసాలు మగ్గబెట్టే గదుల చుట్టూనే తిరగడం. కార్బైడ్ నిషేధం కాబట్టి ఇథిలీన్ పెట్టి, గదిని 20 డిగ్రీల దగ్గర నిలిపి కాయను పండిస్తారు.

మొన్న మేలో అలాంటి ఒక గది చల్లబడలేదు. "గ్యాస్ అయిపోయినట్టుంది, ఎక్కించెయ్ అబ్బాయ్" అన్నాడు వ్యాపారి. ముల్లు 58కి దిగి ఉంది, అంటే సున్నా డిగ్రీలు. చూసినవాళ్లెవరికైనా ఆయన మాటే నిజమనిపిస్తుంది. మావాడు సిలిండర్ జోలికి పోలేదు. "ఉండండి బాబాయ్" అంటూ కంప్రెసర్‌కి వెళ్లే రాగి పైపుకి థర్మామీటర్ కట్టాడు. 2 డిగ్రీలు. గ్యాస్ నిజంగా తక్కువైతే ద్రవమంతా కాయిల్ సగంలోనే ఆవిరైపోయి, మిగతా దారిలో వేడెక్కి, పైపు 12, 15 చూపించాలి. తేడా రెండే డిగ్రీలంటే కాయిల్ చివరిదాకా ద్రవం ఉన్నట్టే. మూత విప్పితే కాయిల్ రేకుల సందుల్లో గడ్డి పొట్టు, దుమ్ము అట్టకట్టి, దాని మీద మంచు పేరుకుని ఉంది. గాలి ఆడక, వేడి అందక, మరగడం మందగించి ప్రెషర్ పడిపోయింది. ఆ స్థితిలో గ్యాస్ ఎక్కించి ఉంటే ద్రవమే పోయి కంప్రెసర్‌ని దెబ్బతీసేది. మంచు కరిగించి కాయిల్ కడిగాక ముల్లు మళ్లీ 84కి వచ్చింది.

ప్రెషర్ ఒక్కటే చూసి గ్యాస్ ఎంతుందో తేల్చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నన్ను ఆర్-22 సిలిండర్‌కే తగిలించి చూడండి. 35 డిగ్రీల నీడలో అది ముప్పావు వంతు ఉన్నా, పావు వంతే ఉన్నా నేను చూపించేది 182. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకూ అంతే.

ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ఆర్-22ను మన దేశం 2030 నాటికి దాదాపుగా వదిలేయాలి. ఇళ్ల ఏసీల్లో ఇప్పటికే ఆర్-32 నిండిపోయింది. దాని వలయం నా ముఖం మీద లేదు. ఆ గ్యాస్ 10 డిగ్రీలకు మరగాలంటే ప్రెషర్ 146 ఉండాలి. అలవాటుకొద్దీ అక్కడా 84 దగ్గరే ముల్లు ఆపితే కాయిల్ సున్నాకు ఐదు డిగ్రీల కిందకు పోయి మంచు కడుతుంది.