చలియుత్సవ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: 2025 జనవరి 31 నుంచి మూడు రోజులు అరకులో చలి ఉత్సవం జరిగింది. థింసా నాట్యం, కొమ్ము వాద్యాలు, రాత్రిళ్లు వేదిక మీద పాటలు. అది జరగబోతోందన్న కబురు చెవిన పడగానే విశాఖపట్నంలో ఒక నాయకుడు అద్దెకు టెంటు మాట్లాడుకొచ్చాడు. ఏడు నెలల బిడ్డను చంకన వేసుకుని నాయిక పలికిన పద్యమిది. ఛందస్సు ఆటవెలది.

చంటిపాపతోడఁ జలియుత్సవమ్మున
టెంటు వేసి డప్పు వెంట నిదుర;
ఏమి కాదు లెమ్మ యెంతటి చలియైన
అనిన నాథు మాట కర్థమేమి?

ప్రతిపదార్థం: చంటిపాపతోడన్ = పాలసీసా, వేణ్ణీళ్ల ఫ్లాస్కు, పక్కగుడ్డలు, గిలక్కాయలతో కూడిన పాపతో; చలియుత్సవమ్మునన్ = చలినే పండగ చేసుకునే చోట; టెంటు వేసి = ఇల్లుండగా గుడ్డ కిందికి చేరి; డప్పు వెంట = డప్పు మోత తోడుగా; నిదుర = నాయకుడికి తప్ప ఎవరికీ పట్టనిది; ఎంతటి చలి ఐనన్ = పళ్లు కొరికే చలైనా (బిడ్డకింకా పళ్లు రాలేదని గ్రహించాలి); ఏమి కాదు లెమ్మ = తనకేమీ కాదని భావం; అనిన = దుప్పటి ముసుగులోంచి అన్నటువంటి; నాథు మాటకు = మొగుడి మాటకు; అర్థము ఏమి = అర్థమేముంది?

పాఠాంతరం: అమ్మమ్మగారి ప్రతిలో మూడో పాదం ‘ఏమి కర్మమమ్మ’ అని ఉంది. గణాలు సరిపోయాయి కాబట్టి అదీ గ్రాహ్యమే.

విశేషాలు: ‘ఎంతటి చలి’ అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి రాత్రి అక్కడ పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. పసివాళ్ల ఒంట్లో వేడి పెద్దవాళ్ల కంటే త్వరగా జారిపోతుంది. చేతులు చల్లబడితే సరే, పొట్టా వీపూ చల్లబడి బిడ్డ ఏడవడం కూడా మానేసిందంటే అది నిద్ర అనుకోకూడదు.

కావ్యానికి ఆత్మ ధ్వని అని ఆనందవర్ధనుడి సిద్ధాంతం. ఇక్కడ ధ్వని స్పీకరు పెట్టెల్లో ఉంది. డప్పు, తుడుం, కిరిడి, మోరి, జోడుకొమ్ములు ఆరుబయట వింటే ఇంపే. పాప చెవికి చేటయ్యేది వాటిని పదింతలు చేసే యంత్రం. వేదికకు దూరంగా కూర్చోవడం, చెవులకు మఫ్‌లు పెట్టడం దీనికి పరిహారం.

శంక: టెంటులో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే చలి పోదా?

సమాధానం: పోతుంది, ప్రాణంతో సహా. మూసిన టెంటులో కుంపటి కార్బన్ మోనాక్సైడు వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రపోయేవాణ్ణి లేపదు.

శంక: కొండ తల్లులు బిడ్డల్ని వీపున కట్టుకుని సంతకూ పొలానికీ తిరగడం లేదా?

సమాధానం: తిరుగుతారు. అక్కడ బిడ్డకు తల్లి ఒంటి వేడి ఎడతెగకుండా తగులుతుంది. పొద్దుగూకితే ఇల్లుంది, పొయ్యి ఉంది. టెంటు గిరిజన సంప్రదాయం కాదు, మన సరదా. రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొచ్చే మన్యం ఇది. అక్కడివాళ్లకు తప్పని కష్టాన్ని మనం అద్దె కట్టి కొనుక్కుంటున్నాం.

తాత్పర్యం: ఓ చెలీ! పసిబిడ్డతో చలికొండకు వెళ్లి, గుడ్డగోడల మధ్య, డప్పుల మోతలో నిద్రపోదాం, ఏం కాదంటున్నాడు నా మగడు. రాత్రి రెండింటికి బిడ్డ లేస్తే తానూ లేస్తాడా అన్నది మాత్రం చెప్పడం లేదు.

నిర్ణయం: ప్రయాణం శాస్త్ర సమ్మతమే. రైల్లో వెళ్తే అనంతగిరి ఘాట్ మలుపుల్లో వాంతుల బాధ తప్పుతుంది, సొరంగాలు చూసి పాప కేరింతలూ కొడుతుంది. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసి ఆడే థింసాను పగటిపూట దగ్గరగా చూపించండి. పొద్దువాలేసరికి గోడలున్న గదికి చేరండి. అరకు ఏరియా ఆసుపత్రికి దారి ముందే కనుక్కోండి. టెంటు తప్పదంటే, ‘ఏం కాదు’ అన్నవారే ఆ రాత్రంతా బిడ్డను ఎత్తుకోవాలి.