ఇరవై నిమిషాల్లో డిటెక్టివ్

మనుషుల అక్రమ రవాణాకు అమెరికా హోటళ్లు విరుగుడు కనిపెట్టాయి. ఒక వీడియో, చివర్లో నాలుగు ప్రశ్నలు, చేతికో సర్టిఫికెట్. పొద్దున హోటల్ గదుల్లో దుప్పట్లు మార్చిన పనామె మధ్యాహ్నానికి డిటెక్టివ్.

కాలిఫోర్నియా 2018లో చట్టం చేసింది. బాధితులు తారసపడే అవకాశమున్న హోటల్ సిబ్బందికి కనీసం 20 నిమిషాల శిక్షణ ఇవ్వాలి, రెండేళ్లకోసారి మళ్లీ ఇవ్వాలి. రోజుల మీద పంచి చూస్తే రెండు సెకన్లు కూడా రాదు. గది సర్దడానికి అరగంట పడుతుంది, ముఠాల గుట్టు విప్పడానికి మాత్రం అంత అక్కర్లేదని ఏలినవారి అంచనా. అదే చట్టంలో ఇంకో ముచ్చటైన మాట ఉంది: సిబ్బంది ఎవరైనా ఫిర్యాదు చేయకపోతే, ఆ ఒక్క కారణంతో యజమాని బాధ్యుడు కాడు. శిక్షణ ఆమెకు, రక్షణ ఆయనకు! ఫ్లోరిడా కాస్త గట్టిగా గదమాయించింది. శిక్షణ ఇవ్వకపోతే రోజుకు 2,000 డాలర్ల జరిమానా అంది. తొలి తప్పును గడువులోగా దిద్దుకుంటే ఏమీ కట్టనక్కర్లేదని ఆ వెంటే బుజ్జగించింది.

ఇంతకీ ఆ శిక్షణలో ఏం నేర్పుతారు? అనుమానితుల ఆనవాళ్లు. సామాను తక్కువ తెస్తారు, నగదు కడతారు, తువ్వాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతారు, గదికి జనం వచ్చిపోతుంటారు, 'డోంట్ డిస్టర్బ్' బోర్డు తీయరు, శుభ్రం చేస్తామంటే వద్దంటారు. ఈ లెక్కన ఒక గది తీసుకుని పదిమంది దిగే మన పెళ్లివారిని ముహూర్తానికి ముందే లోపలేయాలి. ఇక చివరి ఆనవాలు సంగతి. 2021లో హిల్టన్ అమెరికాలోని చాలా హోటళ్లలో రోజూ గది శుభ్రం చేయడం మానేసి, అతిథి అడిగితేనే చేస్తామంది. అతిథి వద్దంటే అనుమానం, కంపెనీ వద్దంటే పొదుపు. తలుపే తీయని గదిలో ఏం జరుగుతోందో ఆమె ఏ దివ్యదృష్టితో చూడాలి?

చూసినా సరిగ్గా చూస్తారన్న భరోసా లేదు. దివంగత సెనేటర్ జాన్ మెకెయిన్ భార్య సిండీ మెకెయిన్ ఏళ్ల తరబడి ఈ నేరంపై ప్రచారం చేసినవారు. 2019లో ఫీనిక్స్ విమానాశ్రయంలో ఒక స్త్రీ, ఆమె వెంట వేరే జాతిలా కనిపించే బిడ్డ కంటపడితే పోలీసులకు చెప్పి, అక్రమ రవాణాను ఆపానని రేడియోలో చెప్పుకున్నారు. నేరం జరిగిన ఆధారమేదీ లేదని పోలీసులు తేల్చారు. ఇన్నేళ్ల అనుభవం అక్కడే తడబడితే, 20 నిమిషాల చదువు ఎవరి మీద పడుతుందో చెప్పాలా? ఒంటి రంగు మీద, వచ్చీరాని ఇంగ్లీషు మీద.

కంపెనీలకు మాత్రం ఈ చదువు బాగా అచ్చొచ్చింది. మారియట్ 2017లో దీన్ని తప్పనిసరి చేసింది, లక్షల మందికి నేర్పామని చాటుకుంది. మరోవైపు 2008లో సవరించిన ఫెడరల్ చట్టం ప్రకారం, ఈ నేరంలో పాలుపంచుకుని లాభపడినవాళ్లపై, విషయం తెలిసినా, తెలిసి ఉండాల్సినదైనా, బాధితులు దావా వేయవచ్చు. దావా పడగానే పెద్ద బ్రాండ్లు అందుకునే పల్లవి ఒకటే: ఆ హోటల్ మాది కాదు, ఫ్రాంచైజీవాళ్లది, అక్కడి సిబ్బందితో మాకు సంబంధం లేదు. పత్రికా ప్రకటనలో వాళ్లంతా మా కుటుంబం, కోర్టు బోనులో ఎవరో ఏమో. గది అద్దెలో వాటా పుచ్చుకునేటప్పుడు మాత్రం బంధుత్వం ఠంచనుగా గుర్తొస్తుంది.

శిక్షణ వీడియోలో కనిపించని సంగతి ఇంకోటుంది. 2009లో కాన్సాస్ సిటీ కేంద్రంగా నడిచిన జెయింట్ లేబర్ సొల్యూషన్స్ మీద ఫెడరల్ కేసు పడింది. జమైకా, ఫిలిప్పీన్స్ వంటి దేశాల నుంచి మనుషుల్ని రప్పించి, అప్పులతో, వీసా భయంతో కట్టిపడేసి పలు రాష్ట్రాల్లో హోటళ్ల పనికి పంపారు. బాధితురాలు గదిలో దాక్కుని లేదు, గది తుడుస్తోంది. ఆమెను గుర్తుపట్టే శిక్షణ మేనేజరుకు ఎవరిచ్చారు?

మన తెలుగువాళ్లకూ ఈ కథ కొత్త కాదు. 2018లో వెలుగుచూసిన షికాగో కేసులో, సాంస్కృతిక కార్యక్రమాల పేరుతో తెలుగు సినిమా నటీమణులను రప్పించి వ్యభిచారంలోకి దించారు. ఆ గుట్టు తువ్వాళ్ల లెక్కతో తేలలేదు. విమానాశ్రయంలో అధికారులు ఆహ్వానం నిజమో కాదో ఆరా తీస్తే తీగ దొరికింది. నిలదీసే అధికారం, ఆరా తీసే తీరిక వాళ్లకున్నాయి. తుడుపుకర్ర పట్టినామెకు ఆ రెండూ లేవు.

హోటల్ గదుల్లో ఈ ఘోరం జరుగుతున్న మాట నిజం. చూసినామె నోరు విప్పాలన్నదీ నిజం. విప్పాక ఉద్యోగం ఉంటుందని రాసిచ్చేదెవరు? కాంట్రాక్టరు దయతో, గంటల లెక్కన బతికే మనిషి మేనేజరుకు నచ్చని మాట ఎలా చెబుతుంది? ముందు హోటల్ సొంత జీతాల పట్టీలో ఆమె పేరు రాయండి, నోరు విప్పినా పని పోదని హామీ ఇవ్వండి.

తర్వాత యజమానులకూ ఒక తరగతి పెట్టండి. అక్కడా ఆనవాళ్లే నేర్పండి. జీతాల పట్టీలో పేరు లేని మనుషులు గదులు ఊడుస్తున్నారా? ఫిర్యాదులు అందాక కూడా అదే గది అదే మనిషికి వారాల తరబడి అద్దెకిస్తున్నారా? నష్టం వస్తే ఫ్రాంచైజీది, లాభం వస్తే మనదీ అవుతోందా? ఈ పాఠానికి 20 నిమిషాలు చాలు. పరీక్ష మాత్రం కోర్టులో పెట్టాలి.