112 మెట్ల కింద కాపురం

మా అల్లుడు మంచివాడు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. కింద చదవబోయే సంగతుల వల్ల మీకు అతని మీద అనుమానం రావచ్చు.

అమ్మాయి దగ్గర మూడు నెలలుందామని జర్మనీ వెళ్ళాం. అక్కడుండగానే మా 35వ పెళ్ళిరోజు వచ్చింది. "మామయ్యగారూ, మీ ఇద్దరికీ గ్రీసులో సాంతోరిని దీవిలో నాలుగు రాత్రులు బుక్ చేశాను. సంప్రదాయపు ఇల్లు. కొండ అంచున ఉంటుంది. కింద అంతా సముద్రమే" అన్నాడు అల్లుడు. కొండ అంచు అనగానే నేను ఆలోచించాల్సింది. నీటిపారుదల శాఖలో 34 ఏళ్ళు గట్లూ తూములూ కట్టించినవాణ్ణి, అంచు అంటే ఏమిటో తెలిసినవాణ్ణి. కానీ పక్కన మా ఆవిడ అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. కన్నీళ్ళ ముందు ఇంజనీరింగు ఏనాడూ గెలవలేదు.

సాంతోరిని ఎలా ఉంటుందో ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎవరో కొరికి పక్కన పెట్టిన గారెలా ఉంటుంది. సుమారు 3,600 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి, దీవి నడుము కూలిపోయి సముద్రం లోపలికి వచ్చేసింది. మిగిలిన గారె అంచు దాదాపు 300 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా నిలబడింది. చిల్లు మధ్యలో ఒక నల్లటి పెచ్చు ఉంది. దాని పేరు నేయా కమేని. అది ఇంకా బతికున్న అగ్నిపర్వతమే, ఆఖరిసారి నోరు తెరిచింది 1950లో. ఇలాంటి చోటు కనిపిస్తే తెలివైనవాడు దూరంగా పోతాడు. గ్రీకులు అంచుకి వేలాడుతూ ఊళ్ళు కట్టారు. మేము డబ్బిచ్చి వెళ్ళాం.

గ్రీసులోని పిరేయస్ రేవు నుంచి ఎనిమిది గంటలు ఓడలో కూర్చుని దిగాక, కొండ మీదికి పాములా మెలికలు తిరిగే రోడ్డెక్కాలి. మేము దిగాల్సిన ఊరి పేరు ఇంగ్లీషులో ఓ, ఐ, ఏ అని మూడక్షరాలు. పలకడం మాత్రం 'ఈయా' అట. ఆ సంగతి మాకు తెలియదు. మా ఆవిడ బస్సు డ్రైవరు దగ్గరికి వెళ్ళి ఎంతో మర్యాదగా "ఓయ్?" అంది. అతను అటూ ఇటూ చూసి, తననేనని రూఢి చేసుకుని, దండం పెట్టాడు.

రోడ్డు ఊరి నెత్తి మీదే ఆగిపోయింది. అక్కడి నుంచి బండి లేదు, ఆటో లేదు, లిఫ్టు మాట అసలే లేదు. మెట్లే. హోటలు కుర్రాడు వచ్చి, 23 కిలోల మా పెట్టెని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు భుజం మీద వేసుకుని దిగిపోయాడు. నేను పిట్టగోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే వెనక్కి తిరిగి "సిగా, సిగా" అన్నాడు. నా బట్టతల చూసి ఎగతాళి చేస్తున్నాడని కాస్త నొచ్చుకున్నాను. గ్రీకులో 'సిగా' అంటే 'మెల్లగా' అని తర్వాత తెలిసింది. సిగ లేనివాణ్ణి పట్టుకుని నాలుగు రోజులూ ఆ ఊరు ఊరంతా సిగా సిగా అంటూనే ఉంది.

మొత్తం 112 మెట్లు. మోకాళ్ళే లెక్కపెట్టాయి.

ఇక ఇల్లు. తలుపు చూస్తే ముచ్చటేసింది. మధ్యన తలుపు, అటో కిటికీ, ఇటో కిటికీ, పైన చిన్న వెలుతురు కన్ను. లోపలికి అడుగు పెట్టగానే నెత్తి ద్వారబంధానికి తగిలింది. "వంగండి" అంది మా ఆవిడ, తగిలాక. లోపల కొండలోకి తొలిచిన గుహ. గూడుబండి గూడులాంటి కప్పు, తెల్లటి సున్నం, వెనక్కి పోయేకొద్దీ చీకటి. నిలువుగా నిలబడ్డ గోడ ఒక్కటీ లేదు. పెట్టెని గోడకి ఆనించి పెడితే అది కాసేపు ఆలోచించి ముందుకు పడేది.

"గాదెలో పడుకోబెట్టాడండీ అల్లుడు" అంది మా ఆవిడ. కోనసీమలో వాళ్ళ తాతగారింట్లో ధాన్యం పోసే గాదె అచ్చం ఇలాగే ఉండేదట. కాకపోతే దానికి వైఫై లేదు. దీనికీ గడప దాటి లోపలికి వస్తే ఉండేది కాదు.

నాకు మాత్రం ఆ గోడలు చూడగానే ప్రాణం లేచొచ్చింది. దీవంతా అగ్నిపర్వతం కక్కిన బూడిదా, నురుగురాయీ. పలుగూ పారా ఉంటే ఇల్లు తవ్వుకోవచ్చు. దూలాలు వేద్దామంటే దీవిలో చెట్లు తక్కువ, అందుకే ఈ గూడు కప్పు. ఆ బూడిదని సున్నంలో కలిపితే నీళ్ళలో కూడా రాయిలా గట్టిపడుతుంది, మన పాత కట్టడాల్లో సున్నంలో సుర్కీ, అంటే ఇటుక పొడి, కలిపినట్టు. సూయజ్ కాలువ కట్టేటప్పుడు ఇక్కడి బూడిదని ఓడల్లో తోలుకుపోయారు. ఇదంతా నేను మంచం మీద నిలబడి, కప్పు మీద వేలితో గీస్తూ వివరించాను. మా ఆవిడ పెట్టెలోంచి చీరలు తీసి మడతపెట్టుకుంది. 35 ఏళ్ళ అనుభవం.

ఈ గుహల కథ వింటే నవ్వొస్తుంది. 19వ శతాబ్దంలో ఈ ఊళ్ళో ఓడల వ్యాపారం జోరుగా సాగేది. డబ్బున్న కప్తాన్లు కొండ పైన చదునుగా ఉన్న చోట మేడలు కట్టుకున్నారు. వాళ్ళ ఓడల్లో పనిచేసే నావికులూ, బీదా బిక్కీ అంచున గుహలు తవ్వుకున్నారు. 1956 జులై 9న పెద్ద భూకంపం వచ్చి ఊరు సగం కూలింది. జనం చాలామంది దీవి వదిలి వెళ్ళిపోయారు. 1970లలో గ్రీకు ప్రభుత్వ పర్యాటక సంస్థ ఆ పాడుబడ్డ గుహల్లో కొన్నిటిని బాగుచేసి అతిథిగృహాలుగా మార్చింది. అప్పటి నుంచి లెక్క తలకిందులైంది. మేడల కంటే గుహకే గిరాకీ. అద్దె ఎంతో అల్లుడు చెప్పలేదు, అమ్మాయి నోరు జారింది. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది మొత్తం జీతం పెట్టినా అక్కడ ఒక్క రాత్రి తెల్లవారదు.

భూకంపం సంగతి నేను చదివింది రాత్రి పదకొండు గంటలకి, ఆ గుహలోనే పడుకుని. వెంటనే మా ఆవిణ్ణి లేపాను. "నాలుగు రాత్రులకి కట్టాడు కదా, మొదటి రాత్రే ఎందుకు కూలుతుంది, పడుకోండి" అని అటు తిరిగింది. ఆ తర్కంలో తప్పెక్కడుందా అని తెల్లవారేదాకా వెతికాను.

రెండు రోజులు చన్నీళ్ళు పోసుకోవడానికి కారణం కూడా గ్రీకు భాషే. వచ్చిన రోజున హోటలు పెద్దావిణ్ణి "హాట్ వాటర్?" అని అడిగాను. ఆవిడ నవ్వుతూ "నే" అంది. నే అంటే లేవన్నమాట, పాపం, కొండ అంచున ఎక్కణ్ణుంచి తెస్తారు అని సర్దుకున్నాను. కుళాయి తిప్పి చూస్తే పోయేది. చూడలేదు. గ్రీకులో 'నే' అంటే అవును. కాదనడానికి 'ఓహి' అంటారు. నా అర్జీలు దేనికైనా ఆవిడ 'ఓహి' అన్నప్పుడల్లా ఓహో, ఒప్పుకున్నట్టుంది అని వచ్చేసేవాణ్ణి. ఇంకో రెండు దిండ్ల కోసం మూడు రోజులు ఎదురుచూశాను.

అక్కడ రెండో రోజుకే మా ఇంట్లో డబ్బు చలామణీ ఆగిపోయి మెట్ల చలామణీ మొదలైంది. ఫలహారం 46 మెట్లు. బస్సు 112. దీవిలో కుళాయి నీళ్ళు తాగడానికి పనికిరావు, కొట్లో సీసాలు కొనుక్కోవాలి. ఒకటిన్నర లీటర్ల సీసాలు ఆరు కట్టిన మోపు తొమ్మిది కిలోలు. మా ఆవిడ "దాహంగా ఉందండీ" అంటే నేను "నిజంగానా?" అని అడిగేవాణ్ణి. తిరుపతిలో అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మనిషిని, కాదనను. కానీ అక్కడ ఎక్కితే వెంకటేశ్వరస్వామి కనిపిస్తాడు. ఇక్కడ ఎక్కితే మరచిపోయిన కళ్ళజోడు కింద గదిలో కనిపిస్తుంది.

ఇక పంచె సంగతి.

మూడో రోజు పొద్దున ఉతికిన పొందూరు పంచెని మా వాకిలి పిట్టగోడ మీద ఆరేశాను. బట్టలు బయట ఆరవేయకూడదని గదిలో రాసి ఉంది. కానీ అది బట్టల గురించి, పంచె గురించి కాదనుకున్నాను. ఆ సముద్రంలో మెల్తెమి అని ఒక ఉత్తరపు గాలి ఉంది. ఎండాకాలం గాలి, సెప్టెంబరు వచ్చినా దానికి పోవాలనిపించదు. చూస్తుండగానే నా పంచె లేచి, విప్పుకుని, గాలిపటంలా కిందికి సాగిపోయింది. అంచున కట్టిన ఊళ్ళో మన వాకిలి కిందింటి వాళ్ళ కప్పు. వాళ్ళ వాకిలి ఇంకో కిందింటి వాళ్ళ కప్పు. నా పంచె రెండు కప్పులు దాటి మూడో వాకిట్లో దిగింది.

అక్కడ ఫొటోలు జరుగుతున్నాయి. ఈ దీవిలో అదొక పెద్ద వ్యాపారం. అమ్మాయిలకి గజాల కొద్దీ తోక ఉన్న గౌను అద్దెకిచ్చి, ఒకడు ఆ తోకని గాల్లోకి విసిరితే ఇంకొకడు ఫొటో తీస్తాడు. ఎర్ర గౌను తోక లేచిన క్షణానికి సరిగ్గా పైనుంచి నా తెల్ల పంచె వచ్చి దాన్ని చుట్టుకుంది. కింద కేకలు. పైనుంచి నేను "సారీ, సిగా సిగా" అని అరిచాను, నోటికి ముందొచ్చిన గ్రీకు మాట అదే కాబట్టి. 73 మెట్లు దిగి వెళ్ళేసరికి ఆ అమ్మాయి నా పంచెని భుజాల మీంచి వేసుకుని సముద్రం వైపు తిరిగి నిలబడింది. ఫొటోగ్రాఫరు అలాగే ఉండమన్నాడట. ఆ ఫొటోలన్నీ అయ్యేదాకా నేను నిక్కరుతో గోడ పక్కన నిలబడాల్సి వచ్చింది. జరీ అంచు బాగుందని మెచ్చుకున్నాడు. అద్దెకిస్తావా అని కూడా అడిగాడు. నేను "నే" అన్నాను, వద్దు అనే ఉద్దేశంతో.

మధ్యాహ్నం ఫీరా అనే పెద్ద ఊరు చూడ్డానికి వెళ్ళాం. పాత రేవుకి దిగడానికి అక్కడా దాదాపు ఆరువందల మెట్లు. గాడిద మీదైనా వెళ్ళొచ్చు, తీగబండిలోనైనా వెళ్ళొచ్చు. గాడిద చేత వంద కిలోలు గానీ, దాని బరువులో ఐదో వంతు గానీ మించి మోయించకూడదని 2018లో గ్రీకు ప్రభుత్వం నిబంధన పెట్టింది. నా బరువు 94. నిబంధన ప్రకారం నన్ను మోయాల్సిన గాడిద 470 కిలోలుండాలి. "దానికి ఒంగోలు గిత్త కావాలి, పదండి" అని మా ఆవిడ తీగబండి టిక్కెట్లు తీసుకుంది. ఆ గాడిదలు మమ్మల్ని చూసిన చూపులో కృతజ్ఞత ఉందని నా నమ్మకం.

ఈ ఫిర్యాదులన్నీ భోజనం దగ్గర ఆగిపోయాయి. పచ్చళ్ళు మోసుకుని వెళ్ళాం, ఏం దొరుకుతుందో అని. ఈ దీవిలో పేరుపడ్డ వంటకం ఏమిటో తెలుసా? ముద్దపప్పు. పేరు 'ఫావా'. మన లంకపప్పుకి దగ్గర చుట్టమైన పసుపుపచ్చ పప్పు, మెత్తగా ఉడికించి, మెదిపి, పైన ఆలివ్ నూనె పోసి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇస్తారు. ఇదే దీవిలోని ఆక్రోతిరిలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన ఊరు తవ్వితే అందులోనూ ఆ గింజలు దొరికాయి. దాని తోడు తెల్ల వంకాయ కూర. ఆపైన టమాటా ముక్కలు పిండిలో కలిపి నూనెలో వేసిన పకోడీలు. వేల మైళ్ళు వచ్చి, కొండ అంచున కూర్చుని, మా ఆవిడ నెమ్మదిగా సంచి జిప్పు లాగి ఆవకాయ సీసా బల్ల మీద పెట్టింది.

పూటకూళ్ళ ముసలమ్మ వచ్చి చూసింది. మా ఆవిడ పప్పులో ఓ ముక్క ఆవకాయ కలిపి ఆవిడకి పెట్టింది. ముసలమ్మ నమిలింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఒక గ్లాసు నీళ్ళు తాగింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంకొంచెం వెయ్యనా?" అని తెలుగులోనే అడిగింది మా ఆవిడ. "నే, నే" అంది ముసలమ్మ. ఆ సీసా మాతో వెనక్కి రాలేదు.

సాయంకాలం సూర్యాస్తమయం చూడ్డానికి ఊరి చివర పాత కోట శిథిలాల మీద రెండు గంటల ముందే జనం చేరతారు. మేము మా గాదె ముందే కూర్చున్నాం. సూర్యుడు సముద్రంలో దిగగానే కొండ మీద జనమంతా చప్పట్లు కొట్టారు. మా ఆవిడ లేచి దండం పెట్టుకుంది. నేను చిన్నప్పుడు పద్యనాటకాలు చూసి పెరిగినవాణ్ణి, అలవాటు కొద్దీ "వన్స్ మోర్!" అని అరిచాను. మర్నాడు మళ్ళీ వేశారు.

ఐదో రోజు పొద్దున 112 మెట్లు ఎక్కి రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాం. "ఏవండీ, ఇంకో రెండు రోజులుంటే బావుండేది కదూ" అంది మా ఆవిడ. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు, నేను ఒప్పుకున్నాను. అంతలో ఫోన్లో అమ్మాయి, "నాన్నా, మందుల డబ్బా పెట్టుకున్నారా?" అని.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. గది బుక్ చేసే ముందు రోడ్డు నుంచి ఎన్ని మెట్లు కిందో అడగండి. చాలా మెట్లా అని అడిగినప్పుడు వాళ్ళు "నే" అంటే, సంబరపడకండి.