తుప్పు పాడిన పాట

నా ఒంటి రంగు తుప్పు రంగు. పోలిక కోసం అనడం లేదు, అది నిజంగా తుప్పే. సన్నటి పాలియెస్టర్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ పొడి పూసి, చుట్ట చుట్టి, ప్లాస్టిక్ డొక్కలో బిగిస్తే నేనయ్యాను. నా పేరు టీడీకే డి-90. పొడవు సుమారు 130 మీటర్లు. సెకనుకు పావు తక్కువ ఐదు సెంటీమీటర్ల చొప్పున నడుస్తాను. అటు 45 నిమిషాలు, ఇటు 45 నిమిషాలు. అదే నా ఆయుష్షు. వెనక్కి తిప్పితే మళ్లీ మొదలవుతుంది.

నేను జపాన్ కంపెనీ సరుకును. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైను మీద ఘాటు దిగి విశాఖ రేవుకు చేరి, 1960ల నుంచి ఓడలెక్కి జపాన్ పోతూనే ఉంది. ఆ ఎర్రమట్టిలో చిటికెడు నా ఒంటికి అంటిందో లేదో నేను చెప్పలేను. కానీ 1995లో డాబా గార్డెన్స్‌లోని ఓ రికార్డింగు షాపు అద్దాల బీరువాలో నన్ను పెట్టిన రోజున, రేవు వైపు నుంచి గూడ్సు బండి చప్పుడు వినగానే, పుట్టింటి గుమ్మం ముందు నిలబడ్డట్టు అనిపించింది.

నన్ను కొన్నవాడు ఇంటర్ చదివే కుర్రాడు. ఉక్కునగరం క్వార్టర్లలో ఇల్లు. మర్చంట్ నేవీలో పనిచేసే వాళ్ల మేనమామ సెలవుకొస్తూ ఒక సీడీ తెచ్చాడు. ఇంట్లో సీడీ ప్లేయరు లేదు. అందుకని సీడీనీ నన్నూ షాపాయన చేతిలో పెట్టి, "దీన్ని ఇందులోకి ఎక్కించండన్నా" అన్నాడు. అది నైన్ ఇంచ్ నెయిల్స్ వాళ్ల 'ది డౌన్‌వర్డ్ స్పైరల్'. 1994 మార్చి 8న విడుదలై, వచ్చీరాగానే అమెరికా ఆల్బమ్ చార్టులో రెండో స్థానంలో నిలిచిన సంగీతం. షాపాయన ప్లే నొక్కాడు. అర నిమిషంలో ఆపేశాడు. డెక్కు హెడ్‌ను స్పిరిటు దూదితో తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆపి స్పీకరు వైర్లు కదిపి చూశాడు. మూడోసారి కుర్రాడి మొహం చూశాడు. "ఏం పాడవలేదన్నా, పాటే అలా ఉంటుంది" అన్నాడు వాడు.

ఆ సంగీతం నా ఒంట్లోకి ఎక్కుతుంటే నాకు తెలిసింది ఒక్కటే. ఇది నా జాతి గొంతు. మిషన్ల రొద, ఇనుము రాపిడి, ఆవిరి బుస. వాటన్నిటి కింద ఒక మనిషి, ఒక్కోసారి గుసగుసగా, ఒక్కోసారి గొంతు చీలేలా. తన చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటూ కిందికి జారిపోయే మనిషి కథ అది. మొత్తం 14 పాటలు, 65 నిమిషాలు. మొదటి వైపు పదో పాటతో ముగిసింది. 'ఎ వార్మ్ ప్లేస్' అనే ఆ పాటలో మాటల్లేవు, మోతా లేదు. తొమ్మిది పాటల మంట తర్వాత తడిబట్ట వేసినట్టు ఉంటుంది. మిగతా నాలుగు పాటలు రెండో వైపుకు వెళ్లాయి. అవి అయ్యాక కూడా నాలో 23 నిమిషాలు ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీ సంగతి తర్వాత చెబుతాను.

సాయంత్రం ముగ్గురు కుర్రాళ్లు చేరేవారు. రెండోవాడిది వన్ టౌన్, తండ్రి రేవులో కళాసీ. మూడోవాడు గాజువాక నుంచి సైకిలు మీద వచ్చేవాడు. వాళ్ల తాత తప్పెటగుళ్ల జట్టులో ఆడినవాడు. గుండెకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, ఎగిరెగిరి వాయించే ఆట అది. 'మార్చ్ ఆఫ్ ది పిగ్స్' మొదటిసారి విన్నప్పుడు అందరూ తల ఊపబోయి తడబడ్డారు. అడుగు ఎక్కడో తప్పుతోంది. గాజువాక కుర్రాడు కళ్లు మూసుకుని వేళ్ల మీద లెక్కపెట్టాడు. రెండుసార్లు రివైండ్ చేయించాడు. "ఒరే, ఏడు, ఏడు, ఏడు, ఎనిమిది. నాలుగోసారి ఒకటి ఎక్కువేస్తన్నాడు" అన్నాడు. ఆ రోజు వాడి మొహంలో వెలుగు చూడాల్సింది. సముద్రాల అవతల ఎవరో వేసిన ముడిని తాతగారి తప్పెట నేర్పిన చెవితో విప్పాడు.

మేనమామ సెలవులో ఉన్నన్ని రోజులూ కబుర్లే. ఆ బృందం పుట్టిన ఊరు అమెరికాలోని క్లీవ్‌లాండ్. "అదీ మన విశాఖలాంటి ఊరేరా. ఈరీ సరస్సు ఒడ్డున రేవు. ఎగువ సరస్సుల నుంచి ఖనిజం పడవల్లో దిగుతుంది, ఏటి ఒడ్డున ఉక్కు మిల్లులు" అని చెప్పాడు. ట్రెంట్ రెజ్నర్ అనే కుర్రాడు అక్కడ ఒక స్టూడియోలో ఊడ్చి, తుడిచి, చిల్లర పనులు చేస్తూ, ఎవరూ లేని వేళల్లో అవే యంత్రాల మీద సొంత పాటలు చేసుకున్నాడట. వాటి నుంచే 1989లో మొదటి ఆల్బమ్ 'ప్రెటీ హేట్ మెషీన్' వచ్చింది. ఇనుప చప్పుడుతో సంగీతం కట్టడం అతనితో మొదలవలేదనీ మేనమామే చెప్పాడు. జర్మనీలో ఉక్కు నేల పక్కనున్న డ్యూసెల్‌డార్ఫ్‌లో డీ క్రుప్స్ అనే బృందం 1981లోనే ఉక్కు కర్మాగారం పేరు మీద సింఫనీ చేసింది. ఇంగ్లండులో కత్తులకూ ఉక్కుకూ పేరుపడ్డ షెఫీల్డ్ నుంచి కాబరే వోల్టేర్ వచ్చింది. ముగ్గురు కుర్రాళ్లూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మన ఊరి చప్పుడుకు కూడా ప్రపంచంలో చుట్టాలున్నారన్న సంగతి వాళ్లకప్పుడే తెలిసింది.

కుర్రాడి అమ్మకు మాత్రం అది గోలే. "ఏట్రా ఆ రొద! మీ నాన్న రాత్రంతా అదే విని వస్తాడు, పగలు కూడానా?" అనేది. ఒకరోజు రేడియోలో అన్నమయ్య కీర్తనలు వస్తుంటే నన్ను టూ-ఇన్-వన్‌లో పెట్టి రికార్డు మీట నొక్కింది. మీట దిగలేదు. నా వీపు మీద రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని విరిస్తే ఇక నా మీద ఎవరూ ఏమీ చెరిపి రాయలేరు. కుర్రాడు మొదటి రోజే రెండూ విరిచేశాడు. ఒకరు మనల్ని ప్రేమిస్తున్నారని తెలియడానికి అంతకంటే ఏం కావాలి?

తండ్రిది బ్లాస్ట్ ఫర్నేసులో పని. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు ఫ్యాక్టరీకి భూమి వదులుకున్న ఊళ్లలో ఆయన ఊరొకటి. నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు మీద ఉద్యోగం వచ్చింది. మొదటి ఫర్నేసు 'గోదావరి' 1990లో వెలిగినప్పటి నుంచి దాని కాస్ట్ హౌస్‌లోనే ఉన్నాడు. ట్యాప్ హోలు డ్రిల్లింగు, గాలి గొట్టాల హోరు, 1500 డిగ్రీల దగ్గర కాలువల్లో పారే ఇనుము. కుడి చెవి సగం పోయింది.

ఒకరోజు సి షిఫ్టు దిగి, పొద్దున్న ఏడింటికి ఇంటికొచ్చాడు. కుర్రాళ్లు అప్పటికే నన్ను పెట్టుకుని కూచున్నారు. మొదటి పాట 'మిస్టర్ సెల్ఫ్ డిస్ట్రక్ట్' మొదలయ్యే చోటు. ముందు ఒక దెబ్బ. ఆగి మరో దెబ్బ. తర్వాత వేగం పెరుగుతూ దెబ్బ మీద దెబ్బ, ఆపైన మిషన్లు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. తిడతాడేమోనని కొడుకు ఆపబోయాడు. "ఉంచు" అన్నాడు తండ్రి. స్పీకరు దగ్గరకొచ్చి చతికిలబడి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. చెవికంటే చెయ్యే ఆయనకు నమ్మకం. ఫర్నేసు గోడ ఆరోగ్యాన్ని కూడా అలాగే పట్టి చూసేవాడు.

"మొదటికి తిప్పు."

తిప్పారు. మళ్లీ విన్నాడు.

"ఏటనుకుంటన్నార్రా ఇది?"

"సుత్తి కదా నాన్నా? ఫ్యాక్టరీలో పెద్ద సుత్తి" అన్నాడు కొడుకు.

"కాదు. ఇనుము మీద దెబ్బ పడితే తిరిగి మోగుతాది. ఇది మోగట్లేదు. మెత్తటిదాని మీద పడతంది." చెయ్యి తీయకుండానే అన్నాడు, "మనిషిని కొడతన్నార్రా."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన లేచి స్నానానికి వెళ్లిపోయాడు. ఏళ్ల తర్వాత కొడుకు ఒక వ్యాసంలో చదివాడు. ఆ చప్పుడును జార్జ్ లూకాస్ తీసిన 'టీహెచ్‌ఎక్స్ 1138' సినిమాలో ఒక ఖైదీని కొట్టే సన్నివేశం నుంచి తీసుకున్నారట. సినిమా 1971 నాటిది. ఉక్కు ఫ్యాక్టరీకి ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిందీ ఆ ఏడాదే, జనవరి 20న. యంత్రం చప్పుడులో దాగిన మనిషి చప్పుడును, వినేవాళ్లు సుత్తి అనుకుని దాటిపోయేదాన్ని, సగం చెవితో, ఒక్క అరచేత్తో పట్టుకున్నాడాయన. ఆ ఆల్బమ్‌కు అంతకంటే గొప్ప మెచ్చుకోలు నేను ఎక్కడా వినలేదు.

ఆ రోజు నుంచి కుర్రాళ్ల వినికిడి మారిపోయింది. అంతవరకూ మోత కోసం విన్నవాళ్లు, మోత కింద ఎవరున్నారని వెతకడం మొదలుపెట్టారు. చివరి పాట 'హర్ట్' వచ్చేసరికి గదిలో దీపం తీసేసేవారు. గిటారు ఒకటి సన్నగా, గొంతు ఒకటి దాదాపు మాటలాడుతున్నట్టు. ముగింపులో కొండ విరిగినట్టు ఒక మోత, దాని వెనక చాలాసేపు ఖాళీ మైదానంలో గాలిలాంటి ఊళ. ఆ పాటనే 2002లో జానీ క్యాష్ అనే ముసలాయన పాడితే లోకమంతా కన్నీళ్లు పెట్టుకుంది. మా కుర్రాళ్లు ముగ్గురికీ ఆ కన్నీళ్ల రుచి ముందే తెలుసు.

ఇప్పుడు ఆ 23 నిమిషాల సంగతి. ఇంటర్ పరీక్షలయ్యాక ముగ్గురూ మూడు దార్లు పోవాలి. పోయేముందు, రెండో వైపు విరిచిన మూల మీద చిన్న సెల్లో టేపు ముక్క అంటించి, నన్ను ఒక మైకున్న టేప్ రికార్డరులో పెట్టుకుని వారం రోజులు ఊరంతా తిరిగారు. మొదట, డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి రేవులోకి వచ్చే ఓడ కూత. ఆటోనగర్‌లో రేకు మీద సమ్మెట దెబ్బలు. ఖనిజం బండి వంతెన దాటే మోత. ఫిషింగ్ హార్బరులో తెల్లారగట్ల మరపడవల ఇంజన్లు. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి రేవులోకి వచ్చే ఓడ కూత. తాతగారి తప్పెట. అమ్మ రుబ్బురోలు. చివర, బతిమాలితే, నాన్న. ఫర్నేసు ట్యాపింగు ఎలా చేస్తారో ఆయన నెమ్మదిగా రెండు నిమిషాలు చెప్పాడు. ఆల్బమ్‌ను మెచ్చుకుంటూ వాళ్లు రాసిన ఉత్తరం అది. ఎవరికీ పంపలేదు. నాలోనే దాచారు.

ఆ తర్వాత క్యాసెట్లన్నిటి బతుకూ ఒకటే. సీడీలు వచ్చాయి, పోయాయి. ఉప్పుగాలికి నా అంచున తెల్లగా బూజు పట్టింది. పెన్సిలు దూర్చి తిప్పుతూ మెత్తటి బట్టతో తుడిచారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కిటికీ రెక్కను పీకేసిన రోజు అమ్మ నన్ను బియ్యం డబ్బాలో పెట్టింది. గోల అన్న మనిషే. 2021లో ఫ్యాక్టరీని అమ్మేస్తామన్న నిర్ణయం వచ్చినప్పుడు, రిటైరైన తండ్రి రోజూ కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కూచుని వచ్చేవాడు. సెలవుకొచ్చిన కొడుకు ఒక సాయంత్రం నన్ను బయటకు తీశాడు. తండ్రికి ఇప్పుడు రెండు చెవులూ అంతంత మాత్రమే. అదే చోట చతికిలబడి, అదే అరచెయ్యి స్పీకరు మీద ఆనించాడు.

'హర్ట్' అయిపోయింది. గాలి ఊళ తగ్గింది. నిశ్శబ్దం. అసలు చప్పుడు మొదలవడానికి రెండు క్షణాల ముందు, ఎక్కడో చాలా దూరంగా, ఓడ కూత నీడలా వినబడింది. కొడుకు ఉలిక్కిపడ్డాడు. ఏళ్ల తరబడి చుట్టలో ఒక పొర మీద ఇంకో పొర ఆనుకుని పడుకుంటే, ఒకదాని అయస్కాంతం పక్కదానికి కొంచెం అంటుకుంటుంది. టేపు ఎరిగినవాళ్లు దాన్ని లోపమంటారు. పాతికేళ్లుగా క్లీవ్‌లాండ్ కుర్రాడి చివరి మోతా, విశాఖ రేవు మొదటి కూతా నాలో ఒకే చుట్టలో, ఒంటికి ఒళ్లు ఆనించి ఉన్నాయి. రెండూ ఇనుమే.

తండ్రి అరచెయ్యి కింద స్పీకరు బట్ట సన్నగా వణికింది.

"వచ్చిందిరా ఓడ" అన్నాడు, కొడుకు ఇంకా ఏమీ చెప్పకముందే.