‘మనవాడే’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “మనవాడే బావా, పెద్ద లాయరు. ఫీజుదేముంది, తర్వాత చూద్దాం. ముందు వకాల్తా మీద సంతకం పెట్టెయ్.”

అవతారిక: గట్టు తగాదాతోనో, అన్నదమ్ముల పంపకంతోనో కోర్టు మెట్లెక్కబోయే గృహస్థుకు బంధువర్గం ఉపదేశించే మంత్రమిది. లాయర్లు ప్రకటనలు వేసుకుని కేసులు పట్టకూడదని బార్ కౌన్సిల్ నియమం. అందుచేత ఆ భారాన్ని బావమరుదులు వహిస్తున్నారు.

ప్రతిపదార్థం: సులభం. పాఠకులే చెప్పుకోగలరు.

విశేషం: అనవసరమైనది రాయనని కోలాచలం మల్లినాథ సూరి ప్రతిజ్ఞ చేశాడు. నాకా నిష్ఠ లేదు గనుక తర్కసంగ్రహంలోకి వెళదాం. వాక్యానికి అర్థం పుట్టాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలన్నాడు అన్నంభట్టు. ‘నిప్పుతో తడుపు’ అంటే యోగ్యత లేదు. జాముకొక మాట పలికితే సన్నిధి లేదు. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా అనేస్తే ఆకాంక్ష లేదు. ఆవు, గుర్రంతోనే పని జరిగేది కదా, ఏనుగెందుకని శంక. ఆవు దగ్గర కునుకు పట్టిన శిష్యుడు ఏనుగు దగ్గర లేచి కూర్చుంటాడని సమాధానం. శాస్త్రం రాసేవాడికి ఇంతటి లోకజ్ఞానం ఉండాలి. మధ్యలో మనిషిని ఇరికించడంలోనూ ఒక మర్మముంది గానీ, అది చెప్పబోతే లాయరు చేయిజారిపోతాడు.

ప్రకృతానికి వద్దాం. ఆకాంక్ష కక్షిదారుకు పుష్కలం. యోగ్యత మనం అడగం. చెక్ బౌన్సు కేసులు తప్ప చూడని ఆయన చేతిలో పంపకాల దావా పెడతాం. నిప్పుతో తడపడమంటే అదే. సన్నిధి మరీ దుర్లభం. కేసు పిలిచేసరికి మనవాడు ఇంకో కోర్టు హాల్లో ఉంటాడు. జూనియర్ లేచి, ఫైలు అట్ట మీది పేరు చదివి, టైము అడుగుతాడు. పాపం, ఆ ఫైలు అతని చేతికి ఆ పొద్దునే వచ్చింది. వచ్చే వాయిదాకు ఇంకో జూనియర్.

అలంకారం: స్వభావోక్తి అని బావమరిది, అతిశయోక్తి అని ఫైలు వెనక్కి రానివాడు. ఫీజు బాకీ ఉన్నా సరే, కక్షిదారు కాగితాలు పట్టిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది.

సంతకం దగ్గర మాత్రం వ్యాఖ్యాతకు వేళాకోళం రావడం లేదు. గేదెను కొనబోతే పళ్లు లెక్కపెట్టే మనిషి, గుమస్తా వేలు పెట్టి చూపిన చోట, నిలబడే సంతకం చేస్తాడు. పైన ఖాళీలు ఖాళీగానే ఉంటాయి. కింద సన్నటి అచ్చులో రాజీ పడే అధికారం, కేసు వెనక్కి తీసుకునే అధికారం, డబ్బు పుచ్చుకునే అధికారం వరసగా ఉంటాయి. అది చదివి వినిపించడానికి అయిదు నిమిషాలు చాలు. ఎవరూ వినిపించరు.

తాత్పర్యం: మనవాడా అని కాదు, ఇలాంటి కేసులు ఈ కోర్టులో నడిపాడా అని అడగండి. ఏ దశకు ఎంత ఫీజో రాయించుకోండి. గెలిస్తే వాటా ఇమ్మనేవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, అది బార్ కౌన్సిల్ నిషేధించిన బేరం. ఖాళీ వకాల్తా మీద సంతకం పెట్టకండి. మీ కేసుకుండే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు తీసుకుంటే వాయిదా ఎప్పుడో మీ ఫోన్లోనే చూసుకోవచ్చు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోన్ నంబరు 15100.