కోపమొస్తే మింగకుండ్రి

కోపం చెడ్డది, దిగమింగుండ్రి అని అందరు చెప్తరు. నేనైతే వద్దంటున్న. పాలమూరు, నల్లగొండ దిక్కు కోపానికి ఎన్ని మెట్లున్నయో మరిచిపోయి, పదిమందిల పుస్తకాల భాష పట్టుకొని నీళ్లు నమిలేటోళ్లను చూస్తే నా పానం కొట్టుకుంటది. అందుకే ఈ చిట్కాలు.

1. మెట్టు మెట్టుగ ఎక్కుండ్రి. మొదలు నారాజ్ కాండ్రి. తర్వాత అలుగుండ్రి. అటెన్క చిటపటలాడుండ్రి, గుడ్లురుముండ్రి, పండ్లు కొరుకుండ్రి. అప్పటికీ ఇనకుంటే గుస్సకు రాండ్రి. లొల్లి ఆఖరుకు. ఒక్కతాపే లొల్లికి దిగితే ఎదుటోనికి సుదరాయించుకునే సందే దొరకదు.

2. మెత్తటి మాట ఎతకకుండ్రి. 'నాకు కొంచెం అసౌకర్యంగా ఉంది' అంటే ఎవ్వడు ఇనడు. చిన్నోడైతే 'ఏందిరా నీ కిరికిరి' అనుండ్రి, పెద్దోడైతే 'ఏందన్నా ఈ కిరికిరి' అనుండ్రి. ఎంత కోపమున్నా వరుస తప్పొద్దు.

3. అలిగినోళ్లను జల్దిన బతిమాలకుండ్రి. రెండు పూటలన్న అలగనియ్యుండ్రి. అలక పూర్తిగ తీరితేనే మనసు తేటబడ్తది. ఇంగ్లాండు నడిమి జిల్లాల్ల మూతి ముడిసినోళ్లను 'మార్డీ' అని ఎక్కిరిస్తరు. మనమైతే పెండ్లిల అలకపాన్పు ఏసి అల్లున్ని కూసోబెడ్తం. అలకకు గింత ఇజ్జత్ ఇచ్చినోళ్లం, ఇంట్ల ఎందుకు సిగ్గుపడాలె?

4. పిల్లలు ఒర్రితే నోరు ముయ్యమనకుండ్రి. ఎందుకు గుస్సొచ్చిందో ఇంటి మాటల్నే చెప్పమనుండ్రి. ఇంటి మాట తప్పని బడిల నేర్చుకున్న పిల్లగానికి కోపమైతే ఉంటది గని, అది చెప్పెతందుకు నోరు రాదు.

5. అవ్వలు తిట్టే తిట్లు రాసిపెట్టుండ్రి. నల్లగొండ జిల్లా వెల్వర్తిల పుట్టిన రవ్వా శ్రీహరి అంత పెద్ద పండితుడు గూడ 'నల్లగొండ జిల్లా ప్రజల భాష' అని పుస్తకమే రాసిండ్రు. మీ ఊరి తిట్లు మీరు రాయకుంటే ఇంకెవరు రాస్తరు?

6. కోపాన్ని చల్లారనియ్యకుండ్రి, పనికి పెట్టుండ్రి. తెలంగాణల కవులే లేరని ఒకరంటే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఊకోలేదు. 1934ల 354 మంది కవులతోని 'గోలకొండ కవుల సంచిక' తెచ్చిండ్రు. ఆ మాట దిగమింగి శాంతంగ కూసుంటే అండ్ల ఎన్నో పేర్లు మనకు దొరక్కుండ పోయేటియి.

గందుకే రేపు ఎవరన్న మీ యాసను చూసి నవ్వితే మీరు గూడ నవ్వి ఊకోకుండ్రి. గుస్సకు రాండ్రి, ఆ గుస్స తీరకముందే కాయితం పట్టుండ్రి.