ఆగకుండా ఓర్లాండో

బెంటన్‌విల్‌లో ఉంటూ పిల్లల్ని థీమ్ పార్కుకి తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందుగా మరిచిపోవాల్సింది సిల్వర్ డాలర్ సిటీని. అది మిస్సోరీలో, బ్రాన్సన్ దగ్గర, మన ఇంటికి రెండు గంటల దూరం. 1960 నుంచి నడుస్తోంది. కింద మార్వెల్ గుహ, పైన ఓజార్క్ కొండల మధ్య రోలర్ కోస్టర్లు. పొద్దున ఇడ్లీ తిని బయల్దేరితే రాత్రి చారన్నానికి ఇంటికి వచ్చేయొచ్చు. దాని లోపం అదే. రాత్రికి సొంత మంచం మీద పడుకునేదాన్ని వెకేషన్ అని ఆఫీసులో ఎలా చెప్పుకుంటాం? మన ఆర్కన్సాకి కూడా సొంతంగా డాగ్‌ప్యాచ్ యూఎస్‌ఏ అని ఒక పార్కు ఉండేది, మార్బుల్ ఫాల్స్‌లో. 1968లో తెరిచారు, 1993లో మూసేశారు. దగ్గర్లో ఉన్నవాటికి పట్టాల్సిన గతే పట్టింది.

కనక ఓర్లాండో. డిస్నీ వరల్డ్. 1100 మైళ్ల పైమాటే, హైదరాబాదు నుంచి ఢిల్లీ కన్నా ఎక్కువ. గూగుల్ మ్యాప్ పదిహేడు గంటలంటుంది. గూగుల్ లెక్కలో ఎవరికీ ఆకలేయదు, ఎవరికీ బాత్రూమ్ రాదు. "ఎయిర్‌పోర్టు మన ఇంటి పక్కనే ఉందిగా" అని మీ ఆవిడ అంటుంది. వాదనలోకి దిగకండి, ఎక్సెల్ తెరవండి. ఆరుగురి విమానం టికెట్లు ఒక గడిలో, గ్యాస్ ఖర్చు పక్క గడిలో. దారి తిండి, ఫ్లోరిడా టర్న్‌పైక్ టోలు, ఆయిల్ చేంజ్, అదనపు సెలవు, తిరిగొచ్చాక నడుముకి ఫిజియోథెరపీ, ఇవన్నీ 'ఇతరములు'. ఇతరముల షీటుని హైడ్ చేసేయండి. 1950లో వాల్‌మార్ట్ శాం వాల్టన్ ఊరి స్క్వేర్‌లో చిన్న కొట్టు తెరిచిన నాటినుంచి చవక అన్న మాట మీద నిలబడ్డ ఊరు మనది. ఆ ఊళ్లో కాపురం చేస్తూ చవకని లెక్కలేసి పరీక్షించడం మర్యాద కాదు.

జులైలో వెళ్లండి. అత్తమామలు ఇండియా నుంచి వచ్చి ఉండేది అప్పుడే, పిల్లలకి బడి లేనిది అప్పుడే, తక్కిన అమెరికా అంతా అక్కడికి చేరేదీ అప్పుడే. సెప్టెంబరులో బళ్లు తెరిచాక రద్దీ తగ్గుతుందంటారు. రద్దీ లేని చోటికి వెళ్లి వచ్చామంటే వినేవాళ్లకి మాత్రం ఏం గొప్పగా ఉంటుంది? ఎండ సంగతి మామగారు చూసుకుంటారు. "బెజవాడ ఎండ ముందు ఇదెంత" అని కారెక్కకముందే ప్రకటించేస్తారు. మే నెలలో ఆయన పొద్దున పది దాటాక గడప దిగి ఎన్నేళ్లయిందో అడగకండి. ఫ్లోరిడా జులైలో మధ్యాహ్నం దాకా ఉక్క, ఆపైన ఉరుములతో వాన. దగ్గర్లో పిడుగులు పడుతుంటే బయట ఉన్న రైడ్లు ఆపేస్తారు. గొడుగులు ఇంట్లోనే వదిలేయండి. లోపల మిక్కీ బొమ్మ ఉన్న రెయిన్ కోట్లు ఆరు కొనుక్కోవచ్చు, అవి కూడా ఇతరముల్లోకే వెళతాయి.

ఇక తిండి. మీరు వెళ్లే దారిలో ఊరూరా వాల్‌మార్ట్ ఉంటుందని బెంటన్‌విల్ వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా అలబామాలో బియ్యం దొరక్కపోతే? ఇరవై పౌండ్ల సోనా మసూరి, ఇన్‌స్టంట్ పాట్, పోపుల డబ్బా, ఇంగువ, పెరుగు తోడుకి వేరే గిన్నె, అన్నీ సియెనా మినీవ్యాన్ డిక్కీలో సర్దండి. సూట్‌కేసులు పిల్లల కాళ్ల కింద పెట్టొచ్చు, వాళ్ల కాళ్లు ఎలాగూ కిందికి ఆనవు. పులిహోర చేయించండి. నిజానికి పులిహోర ఇలాంటి ప్రయాణాలకే పుట్టింది, పాడవదు, వేడి చేయక్కర్లేదు, చల్లారినకొద్దీ బాగుంటుంది. డిస్నీవాళ్లు ఇంటి తిండిని పార్కులోకి రానిస్తారు కూడా. గాజు సీసాలు కూడదంటారు, వేడి చేయాల్సినవి కూడదంటారు. అందుచేత పులిహోరని లిటిల్ రాక్ లోపే ముగించేసి, గోంగూర పచ్చడిని గాజు సీసాలో సెక్యూరిటీ గేటు దాకా మోసుకెళ్లండి. సీసా అక్కడ వదిలేయాల్సి వచ్చినప్పుడు అత్తగారి మొహం వైపు చూడకండి.

బయల్దేరేది శుక్రవారం, ఆఫీసు అయ్యాక, రాత్రి ఏడింటికి. దీనివల్ల హోటల్ ఖర్చు ఒక రాత్రి మిగులుతుంది. తెల్లవారుజామున మూడింటికి మీరు మిసిసిపీ, అలబామా సరిహద్దులో ఐ-22 మీద ఉంటారు. అటూ ఇటూ పైన్ చెట్లు, ముందొక లారీ ఎర్ర దీపాలు. ఒంటికి నిద్ర ఎక్కువగా ముంచుకొచ్చేది సరిగ్గా ఆ వేళే అని డాక్టర్లు చెబుతారు. అద్దం దించుకోండి, ఏసీ పెంచండి, వెనక అందరూ నిద్రపోతుంటే దేవిశ్రీ ప్రసాద్ పాటలు పెట్టండి. ఇవేవీ నిద్రని ఆపవని రోడ్డు భద్రత వాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు, కానీ ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది కదా. పక్క సీట్లో మీ ఆవిడ ఉంది. లైసెన్సు ఉంది. రోజూ పిల్లల్ని దింపి, తెచ్చి, క్రికెట్‌కీ కూచిపూడికీ తిప్పేది ఆవిడే. స్పీడింగ్ టికెట్లు మీకున్నాయి, ఆవిడకి లేవు. స్టీరింగ్ మాత్రం ఇవ్వకండి. హైవే వేరు.

రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు నడవాలి, లేకపోతే పెద్దవాళ్లకి కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందంటారు. మామగారికి బీపీ మాత్రల వల్ల ఇంకా ముందే దిగాల్సి వస్తుంది. ఆయన మొహమాటస్తుడు. "పర్లేదు బాబూ, తర్వాత చూద్దాం" అంటారు. ఆ మొహమాటమే మన యావరేజ్ స్పీడ్‌ని కాపాడుతుంది.

దారి చెబుతాను. ఐ-49 మీద దక్షిణంగా, కొండల్లో బాబీ హాపర్ సొరంగం దాటి, ఆల్మా దగ్గర ఐ-40 ఎక్కి లిటిల్ రాక్, మెంఫిస్. అక్కణ్నుంచి ఐ-22 మీద టుపెలో, బర్మింగ్‌హామ్. ఐ-65 మీద మాంట్‌గొమరీ. డోథన్ మీదుగా ఫ్లోరిడా. ఈ దారిలో పెద్ద ప్రమాదం ఒకటుంది. ఎక్కడ ఆగినా పిల్లలు ఏదో ఒకటి నేర్చుకుంటారు.

లిటిల్ రాక్‌లో సెంట్రల్ హైస్కూల్ ఉంది. 1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు, ప్రెసిడెంట్ ఐజన్‌హవర్ పంపిన సైనికుల కాపలాలో నడిచి వెళ్లిన బడి. ఇప్పటికీ అందులో పాఠాలు జరుగుతున్నాయి. "ఇది మా సోషల్ స్టడీస్‌లో ఉంది నాన్నా, చూద్దామా" అని మీ పెద్దమ్మాయి అంటుంది. ఎడమ లేన్‌లోకి మారండి. శుక్రవారం రాత్రి బయల్దేరడంలో ఉన్న అసలు లాభం ఇదే, మీరు చేరేసరికి ఎక్కడా తలుపులు తీసి ఉండవు. మిసిసిపీ నది దాటేటప్పుడు ఎమ్ అక్షరంలా ఉన్న ఇనుప వంతెన వస్తుంది, దాన్ని చూపించండి. పక్కనే స్టీలు పిరమిడ్, లోపల చేపల గాలాలూ వేట సామానూ అమ్మే పెద్ద కొట్టు, అదీ చూపించండి. అక్కడికి దగ్గర్లోనే లొరేన్ మోటెల్ ఉందని, 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చింది ఆ వరండాలోనని, 1991 నుంచి అది మ్యూజియమని చెప్పడం మొదలుపెడితే ఇక కథ తెల్లారుతుంది. టుపెలోలో 1935లో ఎల్విస్ పుట్టిన రెండు గదుల ఇల్లుంది. మనవాళ్లెవరూ రెండు గదుల ఇల్లు చూడనట్టు!

బర్మింగ్‌హామ్‌లో 16వ వీధి బాప్టిస్ట్ చర్చి ఐ-65కి ఏమంత దూరం కాదు. 1963 సెప్టెంబరు 15, ఆదివారం పొద్దున అక్కడ బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. దాని కోసం పది నిమిషాలు దారి మళ్లడం దండగ. అదే లీడ్స్‌లో ఉన్న బక్కీస్‌కైతే అరగంట మళ్లినా తప్పులేదు. వందకు పైగా గ్యాస్ పంపులు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, గుమ్మంలో టోపీ పెట్టుకున్న బీవర్ బొమ్మ. ఫోటో అక్కడ దిగండి. మాంట్‌గొమరీ చేరేసరికి తెల్లవారుతుంది. 1955లో రోజా పార్క్స్ బస్సులో సీటు నుంచి లేవనని కూర్చున్న ఊరు. మీ వాళ్లు పన్నెండు గంటల నుంచి సీట్లోంచి లేవకుండా కూర్చున్నారు, వాళ్లకి ఇందులో కొత్తగా అనిపించేదేమీ ఉండదు.

రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అత్తగారు ఉన్న ఇళ్లవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. వీళ్లందరి పోరాటం తర్వాతే 1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం మారిందనీ, అది మారకపోతే ఆసియా వాళ్లకి ఈ దేశం తలుపు అంతగా తెరుచుకునేదే కాదనీ, మీకు బెంటన్‌విల్ ఏది, మినీవ్యాన్ ఏది అనీ ఆవిడ మొదలుపెడతారు. పాటల సౌండు పెంచండి.

ఫ్లోరిడాలో ఐ-10 మీద అపలాచికోలా నది దాటగానే సెంట్రల్ టైమ్ పోయి ఈస్టర్న్ టైమ్ వస్తుంది, గంట గల్లంతవుతుంది. దీన్ని ముందుగా ఎవరికీ చెప్పకండి. మీ ప్లానులో కూడా వేసుకోకండి. రైడ్ల దగ్గర పెద్ద క్యూ తప్పించే లైట్నింగ్ లేన్ బుకింగు పొద్దున ఏడింటికి తెరుచుకుంటుంది. అది అక్కడి ఏడు, మన ఊళ్లో ఆరు. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లకి వారం ముందు, బయట దిగేవాళ్లకి మూడు రోజుల ముందు. మీరు బెంటన్‌విల్ ఏడింటికి, కాఫీ తాగి, నింపాదిగా ఫోను తీయండి. బాగున్నవన్నీ అప్పటికి అయిపోయి ఉంటాయి, కాబట్టి ఎంచుకునే బాధ ఉండదు.

పిల్లల ఎత్తు ఇంట్లో కొలవకండి. స్పేస్ మౌంటెన్‌కి 44 అంగుళాలు ఉండాలి, ట్రాన్‌కి 48. గోడకి ఆనించి పెన్సిల్‌తో గీత గీస్తే నిమిషంలో తేలిపోయే సంగతిది. మీ చిన్నవాడు నలభై మూడని 1100 మైళ్లు వెళ్లాక, అక్కడి కర్ర పక్కన నిలబెట్టినప్పుడు తెలిస్తేనే వాడికి జీవితాంతం గుర్తుంటుంది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు మళ్లీ క్యూ కట్టకుండా ఒకరి తర్వాత ఒకరు ఎక్కే వీలు కూడా ఉంది, రైడర్ స్విచ్ అంటారు. అది వాడితే మీ ఆవిడ కూడా రైడ్ ఎక్కేస్తుంది, మరి బ్యాగుల దగ్గర ఎవరుంటారు?

పార్కులు నాలుగు. మ్యాజిక్ కింగ్‌డమ్ 1971, ఎప్‌కాట్ 1982, హాలీవుడ్ స్టూడియోస్ 1989, యానిమల్ కింగ్‌డమ్ 1998. నాలుగూ ఒక్క రోజులో చూడాలి. మొత్తం స్థలం ఇంచుమించు శాన్ ఫ్రాన్సిస్కో నగరమంత ఉంటుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కైతే కారు పార్క్ చేశాక మళ్లీ లాంచీయో మోనోరైలో ఎక్కాలి. అత్తగారికి వీల్‌చెయిర్ అద్దెకి తీసుకుందామని ఎవరైనా అంటే, "అవసరం లేదు, అత్తయ్యగారు తిరుమల నడిచి ఎక్కారు" అనండి. ఎక్కింది ఏ సంవత్సరమో చెప్పకండి.

యానిమల్ కింగ్‌డమ్‌లో ఆసియా అని ఒక భాగముంది. అందులో ఆనందపూర్ అని ఒక ఊహా రాజ్యం. రంగు వెలిసిన గోడలు, చేత్తో రాసిన బోర్డులు, పాత కోటలో పులులు, కాళీ పేరుతో ఒక నది, ఎవరెస్ట్ పేరుతో 2006లో తెరిచిన రోలర్ కోస్టర్. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని తప్పకుండా, అదీ మిట్టమధ్యాహ్నం, అక్కడికే తీసుకెళ్లండి. అత్తగారు ఆ గోడల్ని చాలాసేపు చూస్తారు. "ఇది చూపించడానికా బాబూ ఇంత దూరం తెచ్చారు? తెనాలి బస్టాండు వెనకాల సందు ఇలాగే ఉంటుంది, అక్కడ టీ కూడా దొరుకుతుంది" అంటారు. కాళీ నదిలో పడవెక్కిస్తే తలకాయ నుంచి పాదాల దాకా తడుస్తారు, పట్టుచీరతో సహా. సాయంత్రం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో సనా అనే హోటల్లో నాన్లూ చట్నీలూ పెడతారని పిల్లలు గొడవచేస్తే వినకండి. డిక్కీలో బియ్యం ఉన్నాయి.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రి, బాణసంచా అయ్యాక. అపలాచికోలా దగ్గర పోయిన గంట తిరిగొస్తుంది, దాన్ని పట్టుకుని సోమవారం సెలవు పెట్టక్కర్లేదని వాదించవచ్చు. దారిలో ఒక వాల్‌మార్ట్‌లో ఆగండి, కొనడానికి కాదు, ఖాళీగా ఉన్న షెల్ఫు ఫోటో తీసి టీమ్ గ్రూపులో పెట్టడానికి. సోమవారం పొద్దున తొమ్మిదింటి స్టాండప్‌కి మీరు మెంఫిస్ వంతెన దాపుల్లో ఉంటారు. అప్పటికి స్టీరింగ్ మీ ఆవిడ చేతుల్లో ఉంటుంది. ఎప్పుడు మారిందో మీకు గుర్తుండదు, అడక్కండి. కెమెరా ఆఫ్ చేసి జాయిన్ అవ్వండి. "వెకేషన్ ఎలా జరిగింది" అని మేనేజర్ అడుగుతారు. మ్యూట్ తీసేముందు, "బాబూ, ఇప్పుడైనా ఎక్కడన్నా కాస్త ఆపుతారా" అని మామగారు వెనకనుంచి అడగడం పూర్తయ్యిందో లేదో చూసుకోండి.